పాటిదిబ్బ ఎక్కే ముందు

అమ్మలూ,

నీ ఉత్తరం మొన్న అందింది. హిస్టరీ డిగ్రీ అయ్యాక ఆర్కియాలజీ ఎం.ఏ. చేస్తానంటే మీ నాన్న "ఆ చదువుతో అన్నం పుడుతుందా?" అన్నారని రాశావు. బావగారి భయంలో తప్పేం లేదు. ముప్ఫై ఏళ్లు ఈ మట్టిలోనే తిరిగినవాణ్ని కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఈ ఉత్తరం ఆయనకీ చూపించు.

ఈ రంగంలో పెద్ద దిక్కు ఏఎస్ఐ, 1861లో పుట్టిన కేంద్ర పురావస్తు శాఖ. అక్కడ అసిస్టెంట్ సూపరింటెండింగ్ ఆర్కియాలజిస్ట్ లాంటి పోస్టులు యూపీఎస్సీ భర్తీ చేస్తుంది. పోస్టులు తక్కువ. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో ముందుగా చెప్పలేం. దాన్నే నమ్ముకుని ఇంట్లో కూర్చోకు. నేను ఎం.ఏ. అయ్యాక నాలుగేళ్లు ఒక ఆఫీసులో రోజుకూలీ లెక్కన చేశాను. ఆరేసి నెలలు జీతం చేతికి రాలేదు. మెస్సు బిల్లుకు మీ అమ్మే డబ్బు పంపేది.

ఆ నాలుగేళ్లూ పని దొరికిందంటే పెంకులు గీయడం వచ్చినందుకే. తవ్వకంలో దొరికిన కుండ పెంకుల్ని సాయంత్రం కడిగి ఆరబెడతాం. ఏ ట్రెంచిలో (తవ్విన గుంటలో) ఏ పొరలో దొరికిందో లోపలివైపు నల్ల ఇంకుతో సన్నగా రాస్తాం. తర్వాత మూతి పెంకును, ఒకదాని చుట్టూ ఒకటిగా వలయాలు గీసిన కాగితం మీద బోర్లిస్తాం. దాని అంచు ఏ వలయానికి సరిగ్గా ఆనిందో, అదే ఆ కుండ మూతి వెడల్పు. బెత్తెడు ముక్కయినా చాలు. ఆ పైన పెంకు వంపును ఉన్నదున్నట్టు గ్రాఫు కాగితం మీదికి దించాలి. అంచు బయటికి ఒరిగిందా, లోపలికి ముడుచుకుందా అన్న చిన్న తేడాను బట్టే ఒక్కోసారి కాలం తేలుతుంది. ఓపికగా ఇది గీసేవాళ్లు తక్కువ. అందుకే నన్ను పిలిచేవాళ్లు.

కాబట్టి ఎం.ఏ.తో పాటు చేతి పని ఒకటి పట్టు. బొమ్మ గీయడమో, కంప్యూటర్లో గీసే జీఐఎస్ మ్యాపులో, శాసనాలు చదవడమో. నన్నడిగితే శాసనాలే అంటాను. పాత తెలుగు-కన్నడ లిపిని రాయి మీద నేరుగా చదివేవాళ్లు మన దగ్గర వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఉన్నారు. అది తలుచుకుంటే నాకు దిగులుగా ఉంటుంది.

చదువుకు ఉస్మానియా ఉంది, పుణెలో డెక్కన్ కాలేజీ ఉంది. ఎం.ఏ. తర్వాత గ్రేటర్ నోయిడాలో ఏఎస్ఐ వాళ్ల సంస్థ రెండేళ్ల పీజీ డిప్లొమా ఇస్తుంది, దాన్ని వదలకు. లెక్చరర్ అర్హత పరీక్ష యూజీసీ నెట్‌లో ఆర్కియాలజీ ప్రత్యేక సబ్జెక్టు. అందులో జేఆర్ఎఫ్, అంటే పరిశోధన ఫెలోషిప్, వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు. ఈ ముక్క మీ నాన్నకు గట్టిగా చదివి వినిపించు.

ఇంకో మాట. నీకు మట్టి కంటే మనుషులే ఎక్కువ ఇష్టమైతే ఆంత్రోపాలజీ, అంటే మానవశాస్త్రం, చెయ్యి. తలుపులు అటువైపే ఎక్కువ. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో, ఆంధ్రా యూనివర్సిటీలో, తిరుపతిలో విభాగాలున్నాయి. సివిల్స్‌లో ఆప్షనల్‌గా పెట్టుకోవచ్చు. గిరిజన పరిశోధన సంస్థలున్నాయి, 1945లో మొదలైన ఆంత్రొపలాజికల్ సర్వే ఉంది. ప్రాజెక్టులకు భూమి తీసుకునే ముందు సామాజిక ప్రభావం అంచనా వేయాలని 2013 భూసేకరణ చట్టం చెబుతోంది, ఆ పనికీ మనుషులు కావాలి. నాగార్జునకొండ నీట మునగబోతోందని 1954 నుంచి 1960 దాకా తవ్వి రాళ్లను, విగ్రహాలను కాపాడుకున్నాం. ఊళ్లు మునిగేచోట జనం సంగతీ అంతే శ్రద్ధగా రాసేవాళ్లు ఉండాలి కదా.

ఒకసారి రంపచోడవరం ఏజెన్సీలో అలాంటి సర్వేకి స్నేహితుడి వెంట వెళ్లాను. ఒక కొండరెడ్డి ముసలమ్మ పేరు పక్కన అంతకుముందు వచ్చినవాళ్లెవరో "భూమి లేదు" అని రాసి ఉంది. పోడుకు పట్టా లేదు మరి. మావాడు ఆమె అరుగు మీద కూర్చుని, ఏడాది పొడుగునా ఏ నెలలో ఏం వండుకుంటావమ్మా అని అడిగాడు. పోడులో జొన్నలు, సామలు, సంతలో అమ్మిన అడ్డాకులు, చింతపండు అన్నీ ఒక్కొక్కటే బయటికొచ్చాయి. ఫారంలో వాటికి గడి లేదు. వెనక పేజీ నిండా రాశాడు, చీకటి పడేదాకా.

ఏది చేరాలో తేల్చుకునే ముందు ఈ చలికాలం ఏదైనా తవ్వకం జరుగుతుంటే మీ లెక్చరర్‌ను అడిగి పది రోజులు ఉండి రా. గొంతుకు కూర్చుని తాపీతో మట్టి గీకుతుంటే విసుగొస్తుందో, పొద్దు తెలియకుండా పోతుందో నీకే తెలుస్తుంది. క్యాంపులో ఆడపిల్లలకు గది, బాత్రూం ఉన్నాయో లేదో ముందే అడుగు. అడగడానికి మొహమాటపడకు.

సంక్రాంతికి మన ఊరు రా. పాతకాలపు ఊరు పాడై మిగిలిన పాటిదిబ్బ ఉంది కదా, రైతులు మన్ను తోలుకుపోయినచోట పెంకులు తేలి ఉన్నాయి. వాటిని అక్కడి నుంచి కదిలించొద్దు, ఫొటో తీసి సర్వే నంబరు రాసుకుందాం. గీయడం మటుకు మీ అత్తయ్య పగలగొట్టిన పెరుగు కుండ మీద నేర్పుతాను. గ్రాఫు పుస్తకం, రెండు హెచ్‌బీ పెన్సిళ్లు తెచ్చుకో. వలయాల కాగితం నా దగ్గరుంది.

ఆశీస్సులతో,
మామయ్య