సిగ్నల్ దగ్గర ముల్లు లేస్తోంది... ఫ్యాన్ పోయినట్టేనా?

ప్రశ్న: 2014లో కొన్న చిన్న పెట్రోలు కారు మాది. వరంగల్ వెళ్లొచ్చినా ఏ ఇబ్బందీ లేదు. కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో ఆగుతూ వెళ్తుంటే మాత్రం టెంపరేచర్ ముల్లు సగం దాటి పైకి లేస్తోంది, ఏసీ గాలి వెచ్చబడుతోంది. రేడియేటర్ ఫ్యాన్ మార్చాలి, లేదంటే డైరెక్ట్ (సెన్సర్‌తో పనిలేకుండా ఎప్పుడూ తిరిగేలా) చేసేస్తానన్నాడు మెకానిక్. డబ్బు పెట్టేముందు ఫ్యాన్ బాగుందో లేదో మేమే చూసుకోగలమా?
- ఒక పాఠకురాలు, మియాపూర్

జవాబు: చూసుకోవచ్చమ్మా. హైవేలో బాగుండి సిగ్నల్ దగ్గర వేడెక్కుతోందంటే, అనుమానం ముందు ఫ్యాన్ మీదికే పోవాలి. బండి అరవైలో పోతుంటే ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లారుస్తుంది, నిలబడ్డప్పుడే ఫ్యాన్‌తో పని. ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సర్ రేడియేటర్‌కి ముందే ఉంటుంది. చిన్న కార్లలో చాలావాటికి ఆ రెండింటికీ ఒకటే ఫ్యాన్. అందుకే మీకు రెండు తిప్పలూ కలిసొచ్చాయి. కానీ ఫ్యాన్ తిరగనంత మాత్రాన ఫ్యానే పోయిందని కాదు. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను. ఫ్యాన్ మార్చమని తెచ్చిన బండికి ఒక్క రిలే (ఫ్యాన్‌కి కరెంటు కలిపే చిన్న స్విచ్ డబ్బా) వేసి పంపిన రోజులు బోలెడు.

పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టండి. ముందు రిజర్వ్ డబ్బాలో కూలెంట్ రెండు గీతల మధ్య ఉందా చూడండి. కూలెంట్ బాగా తగ్గితే సెన్సర్‌కి వేడి సరిగ్గా తెలియదు, ఫ్యాన్‌కి పిలుపే వెళ్లదు. తర్వాత బండి స్టార్ట్ చేసి ఏసీ పెట్టండి. కంప్రెసర్ టక్కుమని పట్టుకున్నాక కాసేపట్లో ఫ్యాన్ తిరగాలి. తిరిగిందంటే మోటారు బతికే ఉంది. ఇప్పుడు ఏసీ ఆపి, బండి కదపకుండా ఇంజిన్‌ని అలాగే స్లోలో ఉంచి పావుగంట, ఇరవై నిమిషాలు ముల్లునే చూస్తూ ఉండండి. కూలెంట్ సుమారు 95 నుంచి 100 డిగ్రీలకు చేరాక ఫ్యాన్ దానంతట అదే అందుకుని, వేడి నాలుగైదు డిగ్రీలు దిగాక ఆగాలి. అలా రెండు మూడుసార్లు జరిగితే నిశ్చింత. ముల్లు మామూలు చోటు దాటినా ఫ్యాన్ రాకపోతే వెంటనే ఇంజిన్ ఆపేయండి. ఏసీకి తిరిగి, వేడికి తిరగకపోతే సెన్సర్ వైపు చూడమనండి. ఒక్క మాట, కొన్ని బళ్లలో ఇంజిన్ ఆపి తాళంచెవి తీసేశాక కూడా ఫ్యాన్ ఉన్నట్టుండి తిరుగుతుంది. చెయ్యి, చున్నీ, చీర కొంగు దాని దరిదాపుల్లోకి పోనివ్వకండి.

తిరగడం ఒక్కటే చాలదు, గాలి లాగాలి. న్యూస్‌పేపర్‌లో అరచేయంత ముక్క చింపి, ఫ్యాన్ తిరుగుతుండగా బండి ముందు గ్రిల్‌కి ఆనించండి. చెయ్యి తీసినా అది అంటుకునే ఉండాలి. ఒకాయన మూడు షెడ్లు తిరిగి మా దగ్గరకొచ్చాడు. ఫ్యాన్ హోరుమని తిరుగుతోంది, హీటు మాత్రం దిగట్లేదు. కాగితం పెడితే అంటుకోలేదు సరికదా, ఎగిరి మా కుర్రాడి మొహాన పడింది. అంతకుముందు మోటారు మార్చినప్పుడు వైర్లు అటుదిటు కలిపారు, ఫ్యాన్ వెనక్కి తిరుగుతోంది. రెండు వైర్లు మార్చాం, అంతే.

అసలే తిరగకపోతే మెకానిక్‌తో ఈ వరసలో చూపించండి. ఫ్యూజు. ఆ తర్వాత రిలే: అదే నంబరుది హారన్‌కి ఉంటే తీసి ఇక్కడ పెడితే తేలిపోతుంది. అదీ కాకపోతే మోటారు కప్లర్ (వైర్ల ప్లగ్గు) ఊడదీసి బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇవ్వాలి. అప్పుడూ కదలకపోతేనే మోటారు పోయినట్టు. స్క్రూడ్రైవర్ పిడితో మోటారు మీద తడితే లేచి తిరుగుతోందా? మోటారు లోపల కరెంటు అందించే కార్బన్ బ్రష్షులు అరిగాయన్నమాట, ఇవాళ కాకపోతే రేపు ఆగుతుంది.

డైరెక్ట్ చేయించడం మాత్రం వద్దు. రోగం లోపలే ఉండిపోతుంది, మోటారు పగలంతా తిరిగి త్వరగా అరుగుతుంది. డాష్‌బోర్డు కింద స్విచ్ పెట్టడం ఇంకా ప్రమాదం. అలా పెట్టించుకున్న ఓ కుటుంబం శ్రీశైలం ఘాట్ ఎక్కుతూ స్విచ్ వేయడం మరిచిపోయింది. సెకండ్ గేర్‌లో నెమ్మదిగా ఎక్కే బండికి ఎదురుగాలి ఎక్కడిది? ఇంజిన్ వేడెక్కి హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ హెడ్ కింద ఉండే సీలు) పోయింది. పిల్లలతో రాత్రి దాకా రోడ్డు పక్కనే ఉన్నారని వాళ్లు చెబుతుంటే నాకు ప్రాణం ఉసూరుమంది.

పని పూర్తయ్యేలోపు ట్రాఫిక్‌లో ముల్లు లేస్తే ఏసీ ఆపి, హీటర్‌ని పూర్తి వేడికి తిప్పి బ్లోయర్ గట్టిగా పెట్టండి. ఉక్కపోస్తుంది, కానీ ఇంజిన్ వేడి కొంత లోపలికి లాగేస్తుంది. అప్పటికీ దిగకపోతే పక్కకి ఆపి ఇంజిన్ ఆపండి. రేడియేటర్ మూత మాత్రం పూర్తిగా చల్లారేదాకా ముట్టుకోవద్దు. లోపల నీళ్లు ప్రెషర్‌తో నూరు డిగ్రీలు దాటి ఉంటాయి, మూత వదులైతే చాలు, మొహం మీదికి చిమ్ముతాయి. పని నేర్చుకునే రోజుల్లో గుడ్డ చుట్టి తిప్పాను, కుడి ముంజేయి తోలంతా లేచిపోయింది. ఎవరెంత తొందరపెట్టినా తియ్యకండమ్మా.