ఊపిరితిత్తుల్లో ఇరుక్కోవడం వేరు, పాతుకుపోవడం వేరు

రక్తంలో తిరిగే క్యాన్సర్ కణాలు ఊపిరితిత్తులకే ఎక్కువగా ఎందుకు చేరతాయి, ఎలా అతుక్కుంటాయి, రక్తపరీక్షలో అవి కనబడితే వ్యాప్తి ఖాయమేనా అని అడిగారు.

ముందు రక్తం నడిచే దారి చూడండి. రొమ్ము, కిడ్నీ, ఎముకల నుంచి బయల్దేరిన కణం సిరల గుండా గుండె కుడివైపుకు వస్తుంది. అక్కణ్నుంచి దారి ఊపిరితిత్తులకే. నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తం ఆ దారినే పోతుంది. అక్కడి కేశనాళికల వెడల్పు 5–8 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు). కణితి కణాలు చాలావరకు 15–20 మైక్రాన్లు. అందుకే ఇరుక్కుంటాయి. పెద్దపేగు రక్తం మొదట కాలేయానికి పోతుంది కాబట్టి ఆ క్యాన్సర్ తరచూ అక్కడే ముందు తేలుతుంది.

ఇరుక్కున్నంత మాత్రాన కణం బతకదు. 1970లో ఫిడ్లర్ అనే శాస్త్రవేత్త రేడియోధార్మిక గుర్తు పెట్టిన మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్) కణాలను ఎలుకల సిరలోకి ఎక్కిస్తే, ఒక్కరోజులోనే అత్యధిక భాగం నశించాయి. రక్తప్రవాహపు ఒరిపిడి కొన్నింటిని చీల్చేస్తుంది, రోగనిరోధక వ్యవస్థకు చెందిన ఎన్‌కే కణాలు మరికొన్నింటిని చంపుతాయి.

మిగిలేవాటికి పెద్ద అండ ప్లేట్‌లెట్లు. కణం మీదుండే టిష్యూ ఫ్యాక్టర్ అనే ప్రోటీన్ రక్తం గడ్డకట్టే పనిని మొదలుపెడుతుంది. నిమిషాల్లో ప్లేట్‌లెట్లు దాన్ని కప్పేస్తాయి. ఆ ముసుగులో ఎన్‌కే కణాలకు అది చిక్కదు. పైగా ప్లేట్‌లెట్లు వదిలే టీజీఎఫ్-బీటా అనే సంకేత ప్రోటీన్ క్యాన్సర్ కణానికి కదిలే గుణాన్ని పెంచుతుంది. నాళపు గోడకు అతుక్కోవడంలో సెలెక్టిన్లు, ఇంటెగ్రిన్లు అనే అతుకు ప్రోటీన్లు పనిచేస్తాయి. సెలెక్టిన్ల పట్టు వదులుగా ఉంటుంది. గట్టి పట్టు ఇంటెగ్రిన్లది: నాళం లోపలి పొర విడివడి అడుగున లామినిన్ అనే ప్రోటీన్ బయటపడినచోట అవి దాన్ని పట్టుకుంటాయి. ఆపైన కణం గోడ దాటి కణజాలంలోకి దిగుతుంది. దిగాక కూడా చాలా కణాలు పెరగవు. కొన్ని ఏళ్ల తరబడి నిద్రాణంగా ఉండిపోతాయి. గుంపుగా వచ్చే కణాలే ఎక్కువ ప్రమాదకరం. 2014లో ఎలుకల మీద చేసిన పరిశోధనలో, ఒంటరి కణాల కన్నా గుంపులకు వ్యాపించే శక్తి 23 నుంచి 50 రెట్లు ఎక్కువని తేలింది.

ఇక పరీక్ష సంగతి. 7.5 మిల్లీలీటర్ల రక్తంలో 5 లేదా అంతకన్నా ఎక్కువ క్యాన్సర్ కణాలుంటే, అప్పటికే వ్యాపించిన రొమ్ము క్యాన్సర్‌లో జబ్బు తీవ్రంగా ఉందని లెక్క. ఊపిరితిత్తుల్లో మచ్చ ఉందో లేదో అది చెప్పదు, దానికి సీటీ స్కానే కావాలి. సున్నా వచ్చినా పూర్తి భరోసా కాదు: ఈ పరీక్ష ఎప్‌క్యామ్ అనే ప్రోటీన్ ఆధారంగా కణాలను పడుతుంది, దాన్ని కోల్పోయిన కణాలు తప్పించుకుంటాయి.

ప్లేట్‌లెట్ల గురించి చదివి ఆస్పిరిన్ గానీ, రక్తం పలచబడే మరే మందు గానీ సొంతంగా మొదలుపెట్టకండి. కీమోతో ప్లేట్‌లెట్లు అసలే తగ్గుతాయి. రక్తస్రావం మొదలైతే ప్రాణం మీదికి వస్తుంది.