ఆ నిద్రమాత్ర ఎవరు రాశారు?

ప్రశ్న: మాది పలాస. అమ్మ వయసు 46. పది నెలల కిందట విశాఖలో ఆపరేషన్ చేసి కుడి రొమ్ము తీసేశారు. కీమో, రేడియేషన్ అయిపోయాయి. ఇప్పుడు క్యాన్సర్ మళ్లీ రాకుండా టామాక్సిఫెన్ మాత్ర వాడుతోంది. రిపోర్టులు బాగున్నాయన్నారు. కానీ అమ్మ ఎవరితోనూ మాట్లాడదు, నిద్రపోదు. మందుల షాపులో అడిగితే నిద్రకని ఆల్‌ప్రాజోలం మాత్రలు ఇచ్చారు, రెండు నెలలుగా వేస్తున్నాం. కుడి చెయ్యి బరువుగా ఉందంటోంది. మనోధైర్యం పెరగడానికి మంచి టానిక్ చెప్పగలరా?

జవాబు: అలాంటి టానిక్ లేదు. నాకు కంగారు పుట్టించింది ఆల్‌ప్రాజోలం. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని మందు అది. అమ్మినవాళ్ల తప్పు ఎంతుందో, రెండు నెలలు తెచ్చి ఇచ్చిన మీ తప్పూ అంతే ఉంది. ఇది అలవాటు పడుతుంది, పగలంతా మగతగా ఉంచుతుంది. మీరు దిగులు అనుకుంటున్నదాంట్లో కొంత ఈ మాత్ర వల్లే కావచ్చు. అలాగని ఇది చదివి రేపే ఆపేయకండి. ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు. డాక్టర్ చూసి మెల్లగా తగ్గించాలి.

దిగులు తగ్గే మాత్రల కోసం మళ్లీ అదే షాపుకు వెళ్లేరు! పారోక్సెటిన్, ఫ్లూఆక్సెటిన్ లాంటివి టామాక్సిఫెన్ పనికి అడ్డుపడతాయి. వేరే మందులు ఉన్నాయి కాబట్టి సైకియాట్రిస్టుకు టామాక్సిఫెన్ సంగతి ముందే చెప్పండి.

చెయ్యి బరువును మీరు ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆపరేషన్‌లో చంకలో గ్రంథులు కూడా తీసి ఉంటే, ఆ వైపు చేతిలో నీరు చేరి ఉండొచ్చు. ఈ వారంలోనే సర్జన్‌కు చూపించండి. ఎర్రబడినా, వేడిగా ఉన్నా, జ్వరం వచ్చినా, ఉన్నట్టుండి బాగా వాచినా ఆ రోజే వెళ్లాలి. మీ ఊళ్లో చాలామందిలా అమ్మగారు కూడా జీడి పిక్కల పని చేస్తుంటే, ఆ రసం చేతికి తగలనివ్వకండి. చర్మం కాలితే ఆ చేతికి ఇన్‌ఫెక్షన్ తొందరగా పడుతుంది.

ఇక ధైర్యం మాట. చూడ్డానికొచ్చిన చుట్టాలంతా ‘ధైర్యంగా ఉండాలమ్మా’ అంటారు. ఆ మాట విన్నాక రోగి ఇక నోరు విప్పదు. నా గదిలో ఇంట్లోవాళ్లను బయటికి పంపాకే ఏడ్చేవాళ్లు ఎంతమందో. ఏడవనివ్వండి. జబ్బు మళ్లీ వస్తుందేమోనన్న భయం ప్రతి చెకప్ ముందూ ఉంటుంది, అది పిరికితనం కాదు. వంటలోనో, పెరట్లోనో చేయగలిగిన పని చేయనివ్వండి. పాపం అని అన్నీ లాక్కుంటే తాను ఎందుకూ పనికిరాననుకుంటుంది. బ్రా లోపల పెట్టుకునే కృత్రిమ రొమ్ము దొరుకుతుందని ఆమెకు ఎవరైనా చెప్పారా? కొడుకుతో ఈ మాట ఎత్తలేకపోవచ్చు, పిన్నినో అత్తనో అడగమనండి.

రెండు వారాలు దాటిన దిగులును డాక్టర్ చూడాల్సిందే. థైరాయిడ్, రక్తహీనత కూడా పరీక్షించాలి. చావాలనిపిస్తోందా అని నేరుగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందనుకోవడం అపోహ. అవునంటే ఒంటరిగా వదలకండి, మాత్రలు ఆమె చేతికి అందనివ్వకండి, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు రాత్రీ పగలూ ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

మనిషిని చూడకుండా ఇంతకుమించి చెప్పలేను. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న మాత్రల స్ట్రిప్పులన్నీ, ఖాళీవి కూడా, సంచిలో వేసుకెళ్లండి.