ఆయిల్ ఫిల్టర్ మార్చాక అక్కడే ఆయిల్ ఎందుకు కారుతుంది?

స్పిన్-ఆన్ ఫిల్టర్ (డబ్బాలా ఉండి, మొత్తంగా మర తిప్పి ఇంజిన్‌కు బిగించేది) అయితే ముందుగా అనుమానించాల్సింది పాత రబ్బరు రింగునే. ఫిల్టర్ విప్పినప్పుడు అది ఒక్కోసారి ఇంజిన్‌కే అతుక్కుపోతుంది. నల్లగా, పల్చగా ఉంటుంది కాబట్టి కంటికి ఆనదు; వేలితో తడిమి చూడండి. దాని మీదే కొత్తది బిగిస్తే రెండు రింగులు ఒకదానిమీద ఒకటి జారి, ప్రెషర్ రాగానే ఆయిల్ చిమ్ముతుంది. నిమిషాల్లో ఇంజిన్ ఖాళీ కావచ్చు.

ఫిల్టర్ కూర్చునే చోటు గుడ్డతో తుడిచి, కొత్త రింగుకు కాస్త ఇంజిన్ ఆయిల్ రాయండి. పొడిగా ఉంటే మెలిపడుతుంది. మర చేత్తోనే ఎక్కించండి. రింగు ఆనాక సాధారణంగా ముప్పావు చుట్టు చాలు. ఫిల్టర్ మీద రాసిన కొలతే ప్రమాణం. బిగించడానికి రెంచ్ వద్దు, రింగు నలిగిపోతుంది.

ఇంజిన్ ఒక నిమిషం ఐడిల్‌లో నడిపి, ఫిల్టర్ అంచు చూడండి. ఆపి, ఐదు నిమిషాలయ్యాక డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూపే పుల్ల) చూసి, తగ్గినంత పోయండి.