మత్తు ట్రే దగ్గర నిలబడే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

వచ్చే వారం నుంచి మోకాలి మార్పిడి ఆపరేషన్లకు నువ్వే మత్తు ఇస్తున్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ ఎంత ఇవ్వాలి, ఎప్పుడివ్వాలి అని అడిగావు. ముందు అది ఏం చేయదో చెబుతాను, మిగతాది సులువు.

అది రక్తాన్ని గడ్డకట్టించదు. ఒళ్లు తనంతట తాను కట్టుకున్న గడ్డను కరిగిపోకుండా కాపాడుతుంది, అంతే. గడ్డలోని ఫైబ్రిన్ పోగులను పట్టుకోవడానికి, గడ్డను కరిగించే పనిలో ఉండే ప్లాస్మినోజన్‌కు కొక్కేల్లాంటివి ఉంటాయి. ఈ మందు ముందే పోయి వాటికి తగులుకుంటుంది. తెగిన రక్తనాళాన్ని కట్టాల్సింది మాత్రం సర్జనే. "ఇంకో గ్రాము వెయ్యమ్మా" అన్నారంటే, ముందు పీల్చిన రక్తం చేరే సక్షన్ బాటిల్ వైపు చూడు. అది నిండుతూనే ఉంటే ఆ మాట మొహమాటం లేకుండా ఆయనతో చెప్పు.

గడ్డను కాపాడే మందు కాబట్టి కోతకు ముందే ఇవ్వాలి. పెద్దవాళ్లకు మామూలుగా 1 గ్రాము, 10 నిమిషాల పాటు నెమ్మదిగా. గబగబా తోస్తే బీపీ పడిపోతుంది. ఆలస్యం ఎంత చెరుపో 2010లో వచ్చిన క్రాష్-2 చూపించింది. గాయాలైన 20 వేల మందికి పైగా చేరిన ట్రయల్ అది. గాయమైన 3 గంటల లోపు ఇస్తే ప్రాణాలు నిలిచాయి, ఆ తర్వాత ఇచ్చినవాళ్లలో రక్తస్రావంతో చనిపోయినవాళ్లే ఎక్కువయ్యారు.

ఈ మందును 1962లో లోకానికి చెప్పింది జపాన్ దంపతులు, ఒకామోటోలు. కాన్పు తర్వాత రక్తం పోయి తల్లులు చనిపోకూడదన్నది ఉటాకో ఒకామోటో పట్టుదల. దాని మీద పెద్ద ట్రయల్ ఫలితం 2017లో వచ్చింది. ఆవిడ అంతకు ముందు ఏడాదే పోయింది. ఎప్పుడు తలచుకున్నా మనసు చివుక్కుమంటుంది.

కాళ్లలో గడ్డలు కడతాయేమోనని నీకు టెన్షన్. ఆపరేషన్లలో ఈ మందు ఇచ్చి చూసిన ట్రయల్ పాయిజ్-3, 2022లో వచ్చింది. అందులో పెద్ద రక్తస్రావాలు మందు ఇచ్చినవాళ్లలో 9.1 శాతం, ఇవ్వనివాళ్లలో 11.7 శాతం. గుండె, మెదడు, రక్తనాళాల ఇబ్బందులు అదే వరుసలో 14.2, 13.9 శాతం. తేడా చిన్నదే అయినా, భయం పూర్తిగా తీరిందని వాళ్లూ తేల్చలేదు. అందుకని ఇదివరకు కాల్లోనో ఊపిరితిత్తుల్లోనో గడ్డ కట్టిన మనిషైతే ఒక్కదానివే నిర్ణయించకు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడకుండా సిరంజి పట్టుకోకు. ఇది మూత్రంలోనే బయటికి పోతుంది, కిడ్నీలు నీరసిస్తే డోసు తగ్గాలి, లేదంటే ఫిట్స్ రావచ్చు. రక్తహీనత ఉందేమో కొన్ని వారాల ముందే చూసి ఐరన్ ఇవ్వడం, రక్తం పలచన చేసే మాత్రలు ఎప్పుడు ఆపాలో కనుక్కోవడం నీకు తెలిసినవే.

ఇప్పుడు అసలు సంగతి. ఒకసారి వెన్నులో మత్తు ఇవ్వడానికి స్పైనల్ సూది పెట్టాను, చివర వెన్ను నీటి బొట్టు కనిపించింది. సిస్టర్ ఆంపౌల్ విరిచి పట్టుకుంది. లేబుల్ ఆమె బొటనవేలి కింద ఉంది. నేను సిరంజి ముంచబోయి, ఎందుకో "వేలు తియ్యమ్మా" అన్నాను. వెన్నులో ఇవ్వాల్సిన మత్తుమందు బుపివకైన్ కాదు, ట్రానెక్సామిక్. రెండూ నీళ్లలాంటి మందులే, రెండు గాజు సీసాలూ ఒక్కలాగే ఉన్నాయి. ట్రే సర్దినప్పుడు చూసుకోనిది నేనే, తప్పు ఆమెది కాదు. వెన్నులోకి వెళ్లి ఉంటే ఫిట్స్ ఒక పట్టాన ఆగవు, ప్రాణాలు పోయిన కేసులు చాలానే ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2022లో హెచ్చరించింది.

స్పైనల్ అయ్యి, మనిషిని వెల్లకిలా పడుకోబెట్టాకే ఈ ఆంపౌల్‌ను గదిలోకి తెప్పించుకో. అప్పటిదాకా వేరే అలమారాలో ఉండనీ. రెండూ ఒకే ట్రేలో కనిపిస్తే ఎవరు పెట్టారని వాకబు తర్వాత చేద్దువుగాని, ముందు తీసి అవతల పెట్టు.

మీ పెదనాన్న