వారంటీ ఇంకో రెండు నెలలే, ఇంజిన్ సౌండ్ మాత్రం తగ్గలేదు

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. బట్టల షాపు ఉంది. కడప షోరూంలో నా పేరున పెట్రోలు కారు కొన్నాను. ధర 9,40,000 రూపాయలు. ఏడాదిన్నరగా పొద్దున స్టార్ట్ చేయగానే ఇంజిన్లో టకటకమని శబ్దం వస్తోంది, బండి వేడెక్కితే తగ్గిపోతుంది. మూడుసార్లు సర్వీసుకు ఇచ్చినా ‘ఇది నార్మలే సార్’ అని పంపించేశారు. మూడేళ్ల వారంటీ రెండు నెలల్లో అయిపోతుంది. ఆ తర్వాత నాకు హక్కు ఉండదా? కొత్త కారు ఇమ్మని అడగొచ్చా? కంపెనీ ఆఫీసు ఢిల్లీ వైపు ఉంది, కేసు వేయాలంటే అక్కడికి పోవాలా? సర్వీసుకు ఇచ్చినప్పుడు వాళ్లు రాసిచ్చిన జాబ్ కార్డుల కాపీలు పంపుతున్నాను.

జవాబు: ముందు టెన్షన్ పడకండి. వారంటీ ఉండగా మీరు చెప్పిన లోపాన్ని బాగుచేయకుండా నాన్చి, తేదీ దాటాక ‘ఇక మాకు సంబంధం లేదు’ అంటే చట్టం ముందు ఆ మాట నిలవదు. అయితే వారంటీ ఉండగానే చెప్పారని రుజువు చేయాల్సింది మీరే. మీరు పంపిన మూడు జాబ్ కార్డులూ చూశాను. మూడింటిలోనూ ‘పీరియాడిక్ సర్వీస్, జనరల్ చెకప్’ అని ఉంది. శబ్దం ఊసే లేదు. రేపు కేసంటూ వేస్తే కంపెనీ లాయరు మొట్టమొదట చూపించేది ఈ కాగితాలనే. అందుకే ఈ రెండు నెలలూ మీకు బంగారం లాంటివి.

సర్వీసు డేటు కోసం చూడకుండా, ఈ ఒక్క కంప్లైంటు మీదే బండి తీసుకెళ్లండి. సర్వీస్ అడ్వైజర్ ఏదో కోడ్ కొట్టి సంతకం పెట్టమంటే పెట్టకండి. ‘పొద్దున చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు టకటకమని శబ్దం. ఏడాదిన్నరగా ఉంది. ఇంతకుముందు మూడుసార్లు చెప్పాను’ అని మీ మాటల్లోనే రాయించండి. రాయనంటే, అక్కడే కూర్చుని అదే విషయం ఫోన్లో టైపు చేసి డీలరుకూ కంపెనీ కస్టమర్ కేర్‌కూ మెయిల్ పెట్టండి. తేదీ, టైము వాటంతట అవే నమోదవుతాయి.

ఇంకో సంగతి. ప్రొద్దుటూరు నుంచి కడపకు యాభై కిలోమీటర్ల పైనే నడుపుకుంటూ వెళ్తారు. చేరేసరికి ఇంజిన్ బాగా వేడెక్కి ఉంటుంది, ఇక శబ్దం ఎక్కడ వస్తుంది? మెకానిక్ విని ‘ఏమీ లేదు’ అన్నాడంటే అది అబద్ధం కాకపోవచ్చు. బండిని రాత్రి అక్కడే వదిలేయండి. ‘ఉదయం కోల్డ్ స్టార్ట్ పరీక్ష యజమాని ఎదుట చేయాలి’ అని జాబ్ కార్డులో రాయించి, మర్నాడు ఎవరూ స్టార్ట్ చేయకముందే వెళ్లి పక్కన నిలబడండి. ఇంటి దగ్గర కూడా వీడియో తీయండి. బానెట్ ఎత్తి శబ్దం వినిపించాలి, తర్వాత ఆపకుండా మీటరులోని కిలోమీటర్లు కనిపించాలి. ఆ వీడియో తీసిన ఫోన్ మార్చకండి, ఫైలు ఎడిట్ చేయకండి.

బండి తిరిగి ఇచ్చేటప్పుడు ‘తృప్తిగా ఉంది’ అనే కాగితం మీద సంతకం అడుగుతారు. శబ్దం తగ్గకపోతే ఆ సంతకం పైనే ‘శబ్దం అలాగే ఉంది’ అని రాయండి. తర్వాత ఫీడ్‌బ్యాక్ ఫోన్ వస్తే ఆ అబ్బాయి బతిమాలాడని పదికి పది ఇచ్చేయకండి. అతని మీద జాలి ఉండటం మంచిదే, కానీ ఆ మార్కులు మీ కేసుకు ఎదురు తిరుగుతాయి. ఈలోగా బయటి మెకానిక్‌తో ఇంజిన్ విప్పించొద్దు. విప్పితే వారంటీ పోయిందంటారు, సాక్ష్యమూ చెడిపోతుంది.

ఇన్ని చేసినా పని కాకపోతే, వారంటీ గడువు తీరకముందే డీలరుకూ కంపెనీకీ ఇద్దరికీ స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. పదిహేను రోజుల్లో లోపం సరిచేయమని అడిగితే చాలు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు తెలుగులోనే చెప్పుకోవచ్చు, కొన్నిసార్లు అక్కడే పని అయిపోతుంది. కానీ ఆ ఫిర్యాదు ఉందని కేసు వేసే గడువు ఆగదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 69 ప్రకారం వివాదానికి కారణం పుట్టిన నాటి నుంచి రెండేళ్లలోపు కేసు వేయాలి. ఆ కారణం ఎప్పుడు పుట్టిందన్న దగ్గరే ఎదుటివాళ్లు పేచీ పెడతారు. కాబట్టి రెండేళ్లు ఉన్నాయి కదా అని కూర్చోవద్దు.

ఢిల్లీ పోనక్కర్లేదు. మీరు నివసించే జిల్లాలోనే వేసుకునే వీలు సెక్షన్ 34 ఇచ్చింది. కడప జిల్లా వినియోగదారుల కమిషన్ సరిపోతుంది. మీ కారు ధర 5 లక్షలకు పైన, 10 లక్షల లోపు ఉంది కాబట్టి ఫీజు 200 రూపాయలు. డీలరును, కంపెనీని ఇద్దరినీ చేర్చి, ఎవరి తప్పేమిటో విడివిడిగా రాయాలి. డీలరు చేసిన ప్రతి పొరపాటూ కంపెనీ నెత్తిన పడదని 2021లో టాటా మోటార్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కారు షాపు పేరున కాకుండా మీ పేరున ఉండటం కూడా మంచిదే, ‘వ్యాపారానికి కొన్నారు, కాబట్టి వినియోగదారుడు కాదు’ అనే వాదనకు బలం తగ్గుతుంది.

కొత్త కారు విషయం ఉన్నది ఉన్నట్టు చెబుతాను. అడగొచ్చు, కానీ దాని మీదే ఆశ పెట్టుకోకండి. పార్టు మారిస్తే పోయే లోపానికి కారు మొత్తం మార్చమనడం కుదరదని 2006లో మారుతి ఉద్యోగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మీకు బాగా దగ్గరగా ఉన్నది 2010 నాటి ఫియట్ కేసు. అక్కడా ఇంజిన్ శబ్దమే గొడవ. కారును స్వతంత్ర నిపుణుడితో పరీక్ష చేయించాలని, తయారీలోనే లోపం ఉందని తేలితే డబ్బు వడ్డీతో సహా వాపసు ఇవ్వాలని కోర్టు ఆదేశించింది. అంటే అంతా నిపుణుడి నివేదిక మీదే ఆధారపడుతుంది. అందుకే ఫిర్యాదుతో పాటే పరీక్ష కోరుతూ ఒక దరఖాస్తు వేయండి. పులివెందుల జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీలో మెకానికల్ విభాగం ఉంది, అలాంటి చోటి అధ్యాపకుణ్ని నియమించమని అడగవచ్చు. పరీక్ష చల్లటి ఇంజిన్ మీదే జరగాలని కూడా అందులో రాయడం మరవొద్దు. కోరికల్లో ముందు ఉచితంగా ఇంజిన్ రిపేరు లేదా మార్పిడి, అది కుదరకపోతే కారు మార్పిడి లేదా డబ్బు వాపసు, దానితో పాటు నష్టపరిహారం పెట్టండి.

కేసు తేలేదాకా కారు అమ్మకండి, ఎక్స్చేంజికీ ఇవ్వకండి. అమ్మేస్తే పరీక్షకు బండి ఉండదు, ‘ఈయన ఇప్పుడు వినియోగదారుడే కాదు’ అనే వాదన వాళ్లకు దొరుకుతుంది.