డాక్టరు గారి ముందు "బాగానే ఉన్నానండి", ఇంటికొచ్చాక రాత్రంతా బాధ: డయాలసిస్ పేషెంటుతో నిజం చెప్పించేదెలా?

మీ ప్రశ్నలో నాన్నగారు అన్న చోట అమ్మ అని పెడితే అచ్చంగా మా ఇంటి సంగతే. మీ నాన్నగారికి ఆరు నెలలుగా డయాలసిస్, ఇంట్లో ఆయాసం, నిద్ర పట్టకపోవడం, తీరా డాక్టరు గారు అడిగితే "బాగానే ఉన్నానండి". మీరు కల్పించుకుని చెప్పబోతే బయటికొచ్చాక మీ మీద కోపం. మా అమ్మ నాలుగేళ్ళు ఆ మిషను మీద ఉంది, పాడైన కిడ్నీల బదులు రక్తం శుభ్రం చేసి ఒంట్లో అదనపు నీరు లాగేసే మిషను. నేను డాక్టర్ని కాను, నర్సునీ కాను. ఆ నాలుగేళ్ళూ "పేషెంటు తాలూకు ఎవరండీ?" అని కేకేస్తే లేచి వెళ్ళిన మనిషిని, అంతే. మొదటి ఏడాది నేను చేసినవి దాదాపు అన్నీ తప్పులే. వాటితోనే మొదలుపెడతాను.

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. డయాలసిస్ మొదలయ్యాక అమ్మని కాకినాడలో నా దగ్గరికి తెచ్చుకున్నాను. వారానికి మూడు రోజులు, రోజుకి నాలుగు గంటలు. డాక్టరు గారు మంచివారే, కానీ ఒక్క రౌండులో ఎన్ని మంచాలని చూస్తారు? "ఎలా ఉందమ్మా?" అనేవారు. అమ్మ "ఆయ్, బానే ఉందండి" అనేది. వెంటనే ఆయన చూపు నా మీదికి వచ్చేది. అక్కడి నుంచి మాటలన్నీ అమ్మ మంచం మీదుగా అటూ ఇటూ వెళ్ళేవి, మధ్యలో ఆవిడ సీలింగు వంక చూస్తూ పడుకునేది. మన దేశంలో మామూలు డాక్టరు ఒక్కో పేషెంటుకి ఇచ్చే సమయం సగటున రెండు నిమిషాలని, స్వీడన్‌లో అది 22 నిమిషాలని 2017లో వచ్చిన ఒక అధ్యయనంలో చదివాను. రెండు నిమిషాల్లో "బానే ఉందండి" అనే మనిషి చేత నిజం చెప్పించే తీరిక ఎవరికుంటుంది? కాబట్టి ఆ పని మీరు ముందే చేసుకుని వెళ్ళాలి. ఆ పని అంటే ఆయన బదులు మీరు మాట్లాడటం మాత్రం కాదు. నేను పొరబడింది సరిగ్గా అక్కడే.

అమ్మ "కడుపులో ఏదో పొంగినట్టుంది" అంటే నేను డాక్టరు గారికి "గ్యాస్ సార్" అని చెప్పాను. ఆయన గ్యాస్ బిళ్ళ రాశారు. "కాళ్ళు లాగేస్తున్నాయి" అంటే "వీక్‌నెస్ సార్" అన్నాను. ఆవిడ చెప్పింది బాధ, నేను చేరవేసింది నా తీర్పు. కడుపు పొంగినట్టు ఉండటానికీ, కాళ్ళు లాగడానికీ ఒంట్లో నీరు చేరడం, ఆ నీటిని మిషను మీద ఒక్కసారిగా ఎక్కువ లాగాల్సి రావడం కూడా కారణాలు కావచ్చని నాకు అప్పటికి తెలియదు. పేషెంటు ఏ మాట అంటే ఆ మాటే చెప్పండి. "కడుపులో ఏదో పొంగినట్టుంది అంటోంది సార్" అన్నామనుకోండి, ఎప్పుడు, తిన్నాకా పడుకున్నాకా అని వాళ్ళే అడుగుతారు. గ్యాస్ అని మనమే తేల్చేస్తే ఇంక అడగరు.

రెండోది కుర్చీ సంగతి. మొదటి ఎండాకాలంలో అమ్మ మంచం మానేసి వరండాలో వాలు కుర్చీలో పడుకోవడం మొదలుపెట్టింది. ఎందుకమ్మా అంటే "లోపల ఉక్కగా ఉంది" అంది. ఇంకో రోజు "నడుం నొప్పి" అంది. నేను నమ్మాను, టేబుల్ ఫ్యాన్ తెచ్చి కుర్చీ పక్కన పెట్టాను కూడా. మూడు వారాలకి డయాలసిస్ టెక్నీషియన్, పాతికేళ్ళు కూడా ఉండవు ఆ అబ్బాయికి, నన్ను పక్కకి పిలిచి "మేడం, అమ్మగారు పడుకుంటే ఊపిరాడట్లేదంట, కూర్చునే నిద్రపోతున్నారంట, సార్‌కి చెప్పారా?" అన్నాడు. నాకు చెప్పలేదు, డాక్టరుకి చెప్పలేదు, సూదులు గుచ్చే పిల్లాడికి చెప్పింది. ఒంట్లో నీరు ఎక్కువై ఊపిరితిత్తుల్లోకి చేరితే వెల్లకిలా పడుకున్నప్పుడు ఆయాసం వస్తుంది, లేచి కూర్చుంటే కాస్త నయమవుతుంది. అది వెంటనే చెప్పాల్సిన లక్షణం. ఆ రోజే డాక్టరు గారు డ్రై వెయిట్ తగ్గించారు. డ్రై వెయిట్ అంటే మిషను దిగేటప్పటికి ఒంట్లో అదనపు నీరు లేకుండా ఉండాల్సిన బరువు. వారం తిరిగేసరికి అమ్మ మళ్ళీ మంచం మీద పడుకుంది.

ఎందుకు దాచావని అప్పుడు అడిగితే పోట్లాటయ్యేది. నెల తర్వాత కూర తరుగుతూ తనే చెప్పింది. "ఆయాసమంటే ఇంకో డయాలసిస్ చెయ్యమంటారు. నువ్వు ఇంకో రోజు సెలవు పెట్టాలి. అది కార్డు మీద చెయ్యం, డబ్బు కట్టమంటే?" చూశారా, ఆవిడ డాక్టరు ప్రశ్నకి జవాబు చెప్పడం లేదు, ఆ జవాబు చెబితే ఏం జరుగుతుందో లెక్కేసుకుని మాట్లాడుతోంది. మీ నాన్నగారు కూడా ఏదో లెక్కలోనే ఉండి ఉంటారు. ఖర్చో, మీ ఉద్యోగమో, ఐసీయూ అంటే భయమో, డాక్టరు గారు "నీళ్ళు ఎక్కువ తాగావా?" అని పదిమందిలో కోప్పడతారనో. "ఎందుకు చెప్పరు?" అని నిలదీస్తే చెప్పరు. "చెబితే ఏమవుతుందని మీకు అనుమానం?" అని ఏ కాఫీ తాగేటప్పుడో అడిగి చూడండి.

టెక్నీషియన్‌కి ఎందుకు చెప్పిందంటే అతను ఉపాయంగా అడిగాడు. "బాగున్నారా?" అనలేదు. "రాత్రి ఎన్ని దిళ్ళు వేసుకున్నారమ్మగారూ?" అన్నాడు. బాగున్నారా అని అడిగితే మన పెద్దవాళ్ళకి బాగున్నాను అనడం మర్యాద. దిళ్ళెన్ని అంటే రెండో మూడో చెప్పాలి కదా. అప్పటి నుంచి నేనూ అలాగే అడగడం నేర్చుకున్నాను. రాత్రి ఎన్నిసార్లు లేచావు? చెప్పులు బిగుతుగా ఉన్నాయా? గుమ్మం దాకా ఆగకుండా నడిచావా? గాజులు నిన్నటికంటే పట్టేశాయా? ఈ నాలుగు ప్రశ్నలకి వచ్చే జవాబుల ముందు "ఎలా ఉందమ్మా" ఎందుకూ కొరగాదు.

అటు నుంచి వచ్చే మాటల్లోనూ ఇదే గొడవ. డాక్టరు గారు "నీళ్ళు తగ్గించండమ్మా" అన్నారు. అమ్మ నిజంగానే తగ్గించింది, గ్లాసులో నీళ్ళు. చారు, మజ్జిగ, టీ ఆవిడ లెక్కలో నీళ్ళు కావు. మిషను ఎక్కేముందు బరువు చూస్తే డ్రై వెయిట్ 46.5 కిలోలకి గాను 50 ఉండేది. మధ్యలో పెరిగిన ప్రతి కిలో దాదాపు ఒక లీటరు నీరే. నాలుగు గంటల్లో మూడున్నర లీటర్లు లాగితే ఆ బక్క ప్రాణానికి బీపీ పడిపోయి, పిక్కలు పట్టేసి కేకలు. "అమ్మగారు మాట వినట్లేదు" అని సిస్టర్లు, "నేను నీళ్ళు ముట్టుకోవట్లేదు" అని ఈవిడ ఏడుపు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు మరి!

చివరికి నేను అడిగాను: "సార్, తగ్గించడం అంటే రోజుకి ఎన్ని గ్లాసులు? చారు కూడా అందులోదేనా?" రోజుకి వచ్చే మూత్రం ఎంతో కొలిచి దానికి అర లీటరు కలపండి, పలచగా జారేది ఏదైనా అందులోదే అన్నారు. అమ్మకి అది 800 మిల్లీలీటర్లు తేలింది. (మీ నాన్నగారికి వేరేగా ఉంటుంది, మీ డాక్టర్నే అడగండి.) పొద్దున్నే ఒక సీసాలో 800 నింపి పెట్టేవాళ్ళం. టీ తాగితే అంత నీరు సీసాలోంచి తీసి తులసి కుండీలో పోసేది. "నా వాటా తులసమ్మ తాగేస్తోంది" అనేది. ఉప్పు కూడా చెప్పాలి. ఆవకాయ మాన్పించకుండా నీళ్ళు మానమంటే ఆ దాహం ఎవరూ ఆపలేరు.

కొబ్బరి నీళ్ళ గురించి ప్రత్యేకంగా రాయాలి, ఎందుకంటే మాది కోనసీమ. చూడ్డానికి వచ్చిన ప్రతి చుట్టమూ రెండు బోండాలు తెచ్చేవారు. ఒక గ్లాసు కొబ్బరి నీళ్ళలో 500 మిల్లీగ్రాముల దాకా పొటాషియం ఉంటుంది, కిడ్నీ పని చెయ్యనివాళ్ళకి అది గుండె లయ తప్పించేంత ప్రమాదం. డైట్ కాగితంలో ఆ సంగతి ఉంది, ఇంగ్లీషులో, "పొటాషియం ఎక్కువున్న పదార్థాలు మానాలి" అని. అమ్మకి పొటాషియం అంటే ఏం తెలుసు? ఆవిడకి తెలిసింది వేడి చేస్తే కొబ్బరి నీళ్ళు చలవ అని. డైటీషియన్ని తెలుగులో, మా ఇంట్లో వండుకునే వాటి పేర్లతో చెప్పమని అడిగితే పావుగంట కూర్చుని చెప్పారావిడ. అడగకపోతే ఆ కాగితం ఇప్పటికీ ఫైల్లోనే ఉండేది.

ఇంకో సంగతి. ఒకసారి జ్వరానికి వేరే ఆసుపత్రిలో చేర్చితే, అక్కడి సిస్టర్ చెయ్యి ఇవ్వమనగానే అమ్మ ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపిన చోటు) ఉన్న ఎడమ చెయ్యి చాపింది. ఆ చేతికి బీపీ పట్టీ కట్టకూడదు, రక్తం తియ్యకూడదు, సెలైన్ పెట్టకూడదు. అమ్మకి తెలుసు, తెలిసీ చాపింది. "ఆవిడ పని ఆవిడకి తెలీదా, మనం చెబితే బాగోదు" అంట! సమయానికి నేను మందుల షాపు నుంచి వచ్చాను కాబట్టి సరిపోయింది. తర్వాత ఆసుపత్రిలో చేరినప్పుడల్లా ఆ చేతికి ప్లాస్టరు ముక్క అంటించి "ఈ చేతికి బీపీ వద్దు, సూది వద్దు" అని పెన్నుతో రాసేదాన్ని. నోటితో చెప్పడానికి మొహమాటపడే మనిషికి ఆ ప్లాస్టరు ముక్కే నోరు.

ఇక మీ నాన్నగారి కోపం. నాకు అర్థమైనంతలో ఆ కోపం మీరు చెప్పినందుకు కాదు, తను అక్కడే ఉండగా తన గురించి తను లేనట్టు చెప్పినందుకు. మేము ఆటోలోనే తేల్చుకునేవాళ్ళం. "ఇవాళ మూడు సంగతులు చెప్పాలి, ఏవి నువ్వు చెప్తావు, ఏవి నేను?" మలబద్ధకం లాంటివి నన్ను చెప్పమనేది, మిగతావి తనే. ఒక చిన్న నోట్‌బుక్‌లో రాసుకుని, డాక్టరు గారు రాగానే నేను పుస్తకం అమ్మ చేతికిచ్చి ఒక అడుగు వెనక్కి వేసేదాన్ని. మొదట్లో నా వంకే చూసేది. నేను నోరు మెదపకుండా ఉండాలి, అది అన్నిటికంటే కష్టం. వెళ్ళేముందు డాక్టరు గారు చెప్పింది అమ్మ తిరిగి చెప్పేది: "అయితే ఈ బిళ్ళ అన్నంతో పాటే నమలాలి, ఖాళీ కడుపున కాదు, అంతేనాండి?" ఫాస్ఫరస్ తగ్గించే ఆ బిళ్ళని అప్పటికి మూడు నెలలుగా పరగడుపున మింగుతోందని అలా తిరిగి చెప్పినప్పుడే బయటపడింది. తప్పు నాదే, మందుల డబ్బా సర్దింది నేను.

"మీరొకసారి బయటికి రండి" అని డాక్టరు పిలిచినప్పుడు కూడా జాగ్రత్త. నేను వెళ్ళి మాట్లాడి మొహం మామూలుగా పెట్టుకుని లోపలికొచ్చేదాన్ని. అమ్మ ఒకరోజు "నాకు చెప్పకపోతే మానెయ్, కానీ బయట మాట్లాడి వచ్చి నవ్వకు" అంది. ఆ తర్వాత డాక్టరు గారితో ఒప్పందం చేసుకున్నాను, ఏదైనా ఆవిడ ముందే అని. అందరూ అలాగే కోరుకోరు. మా మావయ్యకి క్యాన్సరొస్తే "నాకేం చెప్పొద్దు, అబ్బాయికి చెప్పండి" అని ఆయనే అన్నారు. అడిగి తెలుసుకోవాల్సిందే.

మీ నాన్నగారి డయాలసిస్ ఏయే రోజుల్లోనో మీరు రాయలేదు. సోమ, బుధ, శుక్రవారాలైతే ఆదివారం రాత్రి, మంగళ, గురు, శనివారాలైతే సోమవారం రాత్రి చూడండి. రెండు రోజుల గ్యాప్ వస్తుంది కాబట్టి ఒంట్లో నీరు ఎక్కువ చేరేది అప్పుడే. ఆ రాత్రి ఆయన్ని ఏమీ అడగొద్దు. పన్నెండు దాటాక ఒకసారి లేచి, పడుకుని ఉన్నారో కూర్చుని ఉన్నారో చూసి రండి. కూర్చుని ఉంటే ఆ రాత్రే ఆసుపత్రికి ఫోన్ చెయ్యండి, తెల్లారేదాకా ఆగొద్దు.